క్విల్టింగ్ మొదలుపెట్టేవారి కటింగ్ సెట్టు: వాడి చూసిన తరువాత

ఎవరి దగ్గరా శిష్యరికం చేయకుండా, చూసీ చదివీ సొంతంగా ఆధునిక క్విల్టింగ్ నేర్చుకోవాలనుకునేవారు కుట్టు మిషన్ సమకూరాక మొదట ఏం కొనాలని అడిగితే, చాలామంది రంగురంగుల గుడ్డలు కొనమని చెబుతారు. నేను మాత్రం కటింగ్ సెట్టు కొనమంటాను. ఒక రోటరీ కట్టర్, దాని కింద పరుచుకునే కటింగ్ మ్యాట్, గుడ్డను పైనుంచి నొక్కిపట్టే పారదర్శకమైన రూలర్, ఈ మూడింటినీ ఒకే పెట్టెలో పెట్టి, కొత్తవారికోసమని చెప్పి చాలా కంపెనీలు అమ్ముతున్నాయి. కంపెనీ మారినా కొలతలు తరచూ ఇవే ఉంటాయి: కట్టర్ బ్లేడు 45 మిల్లీమీటర్లు, మ్యాట్ 12 అంగుళాలకు 18 అంగుళాలు, రూలర్ 6 అంగుళాలకు 12 అంగుళాలు. అలాంటి ఒక సెట్టును కుషన్ కవర్ల దగ్గర్నుంచి పెద్ద క్విల్టు దాకా వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఇది కొనదగిన సెట్టేనని ముందే చెబుతాను. అయితే మూడు వస్తువులూ ఒకే స్థాయిలో లేవు. పైగా పెట్టెలో లేని రెండు వస్తువుల సంగతి కూడా చెప్పకపోతే సమీక్ష సగంలోనే ఆగిపోయినట్టవుతుంది.

క్విల్టు మూడు పొరల దుప్పటి. పైపొరను గుడ్డ ముక్కలు అతికి కుడతారు, నడుమ బ్యాటింగ్ అనే మెత్తటి పొర పరుస్తారు, అడుగున నిండు గుడ్డ వేస్తారు. ఈ మూడూ ఒకదానిమీద ఒకటి జారకుండా, మూడింటినీ కలిపి దుప్పటి పొడవునా వేసే కుట్టే క్విల్టింగ్. పద్ధతి పాతదే. ఆధునికం అనిపించేది దాని రూపం. పూల అచ్చు గుడ్డల స్థానంలో ఒకే రంగు సాదా గుడ్డలు వస్తాయి. ఒకే బ్లాకు, అంటే ముక్కలు అతికి కుట్టిన చతురస్రం, దుప్పటి నిండా వరుసలు కట్టకుండా, నాలుగైదు ఆకారాలు ఒక పక్కకు జరిగి నిలుస్తాయి, వాటి చుట్టూ విశాలమైన ఖాళీ ఉంటుంది. ముందుగా గీసుకున్న నమూనా లేకుండా, అప్పటికప్పుడు కత్తిరించి అతుక్కుంటూ పోయే ధోరణి కూడా ఇందులో బలంగా ఉంది.

ఈ రూపం నిన్నమొన్న పుట్టింది కాదు. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం పాత అమెరికన్ క్విల్టులను చిత్రపటాల మాదిరిగా గోడలకు వేలాడదీసి ప్రదర్శించింది. మంచం మీద పరుచుకునే వస్తువులో నైరూప్య చిత్రకళ గుణాలున్నాయని అప్పుడు చాలామంది గుర్తించారు. అలబామా రాష్ట్రంలో, నది వంపులో ఉన్న జీస్ బెండ్ అనే చిన్న ఊరి నల్లజాతి మహిళలు అరిగిపోయిన పని బట్టలను విడదీసి, కంటి అంచనాతో కుట్టిన క్విల్టులు 2002లో మొదట హ్యూస్టన్‌లోనూ ఆ తరువాత విట్నీలోనూ ప్రదర్శనకు వచ్చాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటిలో పదింటిని స్టాంపులుగా ముద్రించింది. ఆధునిక క్విల్టింగ్ చేసేవారు తమకంటూ మోడర్న్ క్విల్ట్ గిల్డ్ అనే సంఘాన్ని 2009లో లాస్ ఏంజిలిస్‌లో మొదలుపెట్టారు. ఆ గిల్డ్ నిర్వహించే క్విల్ట్‌కాన్ ప్రదర్శన తొలిసారి 2013లో టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో జరిగింది.

కటింగ్ సెట్టు సమీక్షలో ఈ చరిత్ర ఎందుకంటే, కొత్తగా వచ్చేవారికి కలిగే మొదటి సందేహం ఇక్కడే మొదలవుతుంది. జీస్ బెండ్ క్విల్టుల్లో పట్టీలు వంగుతాయి, మూలలు కలవవు, అయినా చూపు తిప్పుకోలేము. అంత అందం కొలబద్ద లేకుండానే వచ్చినప్పుడు మనకు మాత్రం రూలరూ మ్యాటూ దేనికి? ఆ మహిళలు చిన్ననాటి నుంచీ తల్లుల పక్కన, అమ్మమ్మల పక్కన కూర్చుని నేర్చుకున్నవారు. గుడ్డ ఎటు సాగుతుందో, ఎక్కడ ముడుచుకుంటుందో వారి వేళ్ళకే తెలుసు. సొంతంగా నేర్చుకునేవారికి పక్కన కూర్చుని చెయ్యి సరిదిద్దేవారు ఉండరు. ఆ లోటును కొంతవరకైనా పూడ్చగలిగేది నమ్మదగిన పనిముట్టు ఒక్కటే.

సాదా గుడ్డలు వాడడం వల్ల ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. పూలూ తీగలూ ఉన్న గుడ్డల మధ్య కుట్టు కాస్త జరిగినా కన్ను పట్టుకోదు; తెల్లటి ఖాళీ నడుమ ఒంటరిగా నిలిచిన నల్లటి పట్టీ పక్కకు ఒరిగితే గది అవతల నుంచి కూడా కనిపిస్తుంది. లెక్కకూడా నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. క్విల్టింగ్‌లో రెండు ముక్కలను కలిపే కుట్టు అంచు నుంచి పావంగుళం లోపలికి పడాలి. ఆ కుట్టు అంగుళంలో 32వ వంతు ఎక్కువ లోపలికి పడిందనుకోండి, రెండు ముక్కల్లోనూ కలిపి ఒక్కో కుట్టుకు 16వ వంతు పోతుంది. 16 కుట్లున్న వరుసలో ఒక అంగుళం మాయమవుతుంది. పక్క వరుసలో ఎనిమిది కుట్లే ఉంటే అక్కడ పోయేది అరంగుళమే. అప్పుడు ఆ రెండు వరుసల చివరలూ కలవవు, ఎక్కడ తప్పిందో వెతికినా దొరకదు, ఎందుకంటే ఏ ఒక్క కుట్టూ విడిగా చూస్తే తప్పుగా ఉండదు. కుట్టే ముందు ముక్కలే అసమానంగా ఉంటే ఈ తేడాకు ఆ తేడా తోడవుతుంది. కాబట్టి ముక్కలు కత్తిరించే దగ్గరే సగం క్విల్టు తేలిపోతుంది.

ఇక వస్తువుల విషయానికి వస్తాను. రోటరీ కట్టర్ అంటే పిడికి బిగించిన గుండ్రటి బ్లేడు. చక్రంలా దొర్లుతూ కోస్తుంది. అరిగిన మొనను విరిచేసుకుంటూ వాడే కత్తులతో పేరుపొందిన ఓల్ఫా అనే జపాన్ కంపెనీ దీన్ని 1979లో తెచ్చింది. అంతకుముందు ముక్కలను సాధారణంగా అట్ట నమూనా చుట్టూ పెన్సిల్‌తో గీసి, కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించేవారు. కత్తెర కింది ఆకు గుడ్డను బల్ల మీది నుంచి కాస్త లేపుతుంది. లేచిన గుడ్డ జరుగుతుంది, పొరలు ఎక్కువైతే మరీ జరుగుతుంది. రోటరీ కట్టర్ గుడ్డను లేపదు. నాలుగు పొరల నూలు గుడ్డను పరిచి ఒక్కసారి దొర్లిస్తే నాలుగు ముక్కలూ ఒకే కొలతలో వస్తాయి. ఆరు పొరలు కూడా తెగుతాయి గానీ అడుగుపొర కొంచెం పక్కకు జరుగుతుంది, కాబట్టి నేను నాలుగు దాటను.

ఈ సెట్టులోని కట్టర్ పిడి తిన్నగా ఉంటుంది, పైభాగంలో చూపుడువేలు ఆన్చడానికి గరుకు గీతలుంటాయి. కాసేపు పనిచేయడానికి అది సరిపోతుంది. పెద్ద క్విల్టుకు వరుసగా పట్టీలు కోస్తున్నప్పుడు మణికట్టు లాగుతుంది. పట్టుకుంటే ముందుకు వంగే పిడి ఉన్న రకాలు చేతికి సుఖంగా ఉంటాయి, కీళ్ళ నొప్పులున్నవారు మొదటే వాటిని చూడడం మంచిది. బ్లేడుకు కాపు వేసే తొడుగును ఇందులో బొటనవేలితో జరపాలి. అది బిగుతుగా కదులుతుంది, నా దృష్టిలో అది మంచి గుణం, ఎందుకంటే దానంతట అది తెరుచుకునే అవకాశం లేదు. కోత పూర్తయిన ప్రతిసారీ, మళ్ళీ అర నిమిషంలో వాడబోతున్నా సరే, తొడుగు మూసి కింద పెట్టే అలవాటు మొదటి కోత నుంచే చేసుకోవాలి. ఈ బ్లేడు పదును వంటింటి కత్తికి ఉండే పదును కాదు, వేలు తగిలిన సంగతి తెలిసేలోపే లోతుగా దిగుతుంది. కోసేది ఎప్పుడూ శరీరానికి దూరంగా, ముందుకే.

సెట్టుతో వచ్చిన బ్లేడు నాణ్యమైనదే. బ్లేడు మార్చాల్సిన సమయం ఎలా తెలుస్తుందన్నది మాత్రం ఏ పెట్టె మీదా రాయరు. మొద్దుబారిన బ్లేడు కోత పొడవునా బలం అడుగుతుంది, అంచు పీచు లేస్తుంది. అంచు విరిగిన బ్లేడు వేరే విధంగా ప్రవర్తిస్తుంది. గుండుసూది మీద ఒక్కసారి దొర్లితే చాలు, అంచులో ఒకచోట కంటికి కనిపించనంత నొక్కు పడుతుంది. అక్కడినుంచి కోత శుభ్రంగా పడుతూనే, సమాన దూరాల్లో ఒకటి రెండు పోగులు తెగకుండా మిగిలిపోతాయి. 45 మిల్లీమీటర్ల బ్లేడు ఒక చుట్టు తిరిగితే సుమారు 14 సెంటీమీటర్లు నడుస్తుంది. తెగని పోగుల మధ్య దూరం అంతే ఉంటే తప్పు చేతిది కాదు, బ్లేడుదే. ఏకరీతిగా మందగించినట్టు అనిపిస్తే బ్లేడు మార్చేముందు విప్పి, వెనకాల చిక్కుకున్న పీచు తుడిచి, ఒక చుక్క మిషన్ నూనె వేసి చూడాలి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

మూడింటిలో నాకు బాగా నచ్చింది మ్యాట్. గట్టిగా ఉంటుంది గానీ బ్లేడు దిగినంత మేర లోపలికి తీసుకుని, మళ్ళీ కలిసిపోతుంది. అందుకే బ్లేడు కింద బల్లకు తగిలి మొద్దుబారదు, మ్యాట్ మీద గాట్లు లోతుగా మిగలవు. ఒకేచోట మళ్ళీమళ్ళీ కోస్తే ఏ మ్యాట్ అయినా అరుగుతుంది కాబట్టి, కోసే చోటు మారుస్తూ ఉండాలి. గాట్లలో ఇరుక్కున్న పీచును పెన్సిల్ రబ్బరుతో రుద్దితే వచ్చేస్తుంది. దీనికి అసలు శత్రువు వేడి. ఎండలో వదిలినా, దాని మీదే ఇస్త్రీ చేసినా, వేడి గ్లాసు పెట్టినా వంగిపోతుంది, వంగిన మ్యాట్ మళ్ళీ పూర్తిగా తిన్నగా అవుతుందన్న ఆశ పెట్టుకోకూడదు. గోడకు ఆనించి నిలబెట్టడం కూడా మంచిది కాదు, మంచం కిందో బీరువా మీదో బల్లపరుపుగా ఉంచాలి. నా ఫిర్యాదు దాని పరిమాణం మీదే, అది రూలర్‌తో ముడిపడిన విషయం కాబట్టి రెండూ కలిపి చెబుతాను.

రూలర్ మందంగా ఉంది, బ్లేడు దాని మీదికి ఎక్కదు. గీతలు అడుగువైపు అచ్చయ్యాయి, అంటే గీత సరిగ్గా గుడ్డకు ఆనుతుంది, పక్కనుంచి చూసినా కొలత మారినట్టు కనిపించదు. ముప్పై, నలభై అయిదు, అరవై డిగ్రీల గీతలున్నాయి. ఇవన్నీ మెచ్చుకోదగినవే. అయితే ఆరంగుళాల వెడల్పు అనేది క్విల్టింగ్ చేసేవారికోసం ఆలోచించి నిర్ణయించిన కొలతలా లేదు. కుట్టిన తరువాత ఆరంగుళాలు రావలసిన ముక్కను ఆరున్నర అంగుళాలకు కోయాలి, ఎందుకంటే రెండు పక్కలా పావంగుళం చొప్పున కుట్టులోకి పోతుంది. అంటే ఎంతో సాధారణమైన ఆరంగుళాల బ్లాకుకే ఈ రూలర్ అరంగుళం చాలదు. మ్యాట్ మీది గీతల సాయం తీసుకుని మిగిలిన అరంగుళం కలుపుకోవచ్చు గానీ, మ్యాట్ గీతకూ రూలర్ గీతకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటే ఆ తేడా ముక్కలోకి వచ్చి చేరుతుంది. అందుకే మ్యాట్ గీతలను గుడ్డ తిన్నగా పరిచేందుకు మాత్రమే వాడి, కొలతంతా రూలర్‌తోనే తీసుకోవాలి, ఒక క్విల్టు పూర్తయ్యేవరకూ అదే రూలర్ వాడాలి. ఆరున్నర అంగుళాల వెడల్పుతో వచ్చే రూలర్లు ఈ చిక్కు తీర్చడానికే ఉన్నాయి. సెట్టు తయారుచేసినవారు ఆ అరంగుళం కలిపి ఉంటే ఈ పెట్టె విలువ ఎంతో పెరిగేది.

పొడవు సమస్య ఇంకా లోతైనది. క్విల్టింగ్ నూలు గుడ్డ సాధారణంగా 42 నుంచి 44 అంగుళాల పన్నా ఉంటుంది. నేత అంచుకు నేత అంచు కలిపి ఒక మడత పెడితే 21, 22 అంగుళాలు అవుతుంది. పన్నెండు అంగుళాల రూలర్ అక్కడికి చేరదు, పద్దెనిమిది అంగుళాల మ్యాట్ కూడా చాలదు. కాబట్టి రెండో మడత పెట్టాల్సి వస్తుంది. అప్పుడు వెడల్పు సుమారు 11 అంగుళాలు, రూలర్ కింద సరిపోతుంది. చిక్కంతా ఆ మడతల దగ్గరే. కోత మడతకు సరిగ్గా లంబంగా పడితే, పట్టీని విప్పినప్పుడు ఈ చివరి నుంచి ఆ చివరికి తిన్నగా ఉంటుంది. రవ్వంత ఏటవాలుగా పడినా, విప్పిన పట్టీ ప్రతి మడత దగ్గరా మోచేతిలా వంగి ఉంటుంది. రెండున్నర అంగుళాల పట్టీని విప్పి బల్ల మీద పరిచి, అంచు పక్కనే రూలర్ పెట్టి చూడండి: నడుమ వంపు ఉంటే వెంటనే తెలిసిపోతుంది. అలాంటి పట్టీలను ఒకదాని పక్కన ఒకటి కుట్టుకుంటూ పోతే దుప్పటి మధ్యభాగం ఉబ్బి, ఎంత ఇస్త్రీ చేసినా బల్లపరుపుగా కూర్చోదు.

ఉన్న రూలర్‌తోనే దీన్ని అదుపులో పెట్టుకునే మార్గం ఉంది. రూలర్ మీది అడ్డగీతను మడత అంచు మీద అచ్చంగా కూర్చోబెట్టి, మొదట గుడ్డ చివరను తిన్నగా కోసేయాలి. ఆ తిన్నటి అంచు నుంచే పట్టీలు కొలవాలి. మూడు నాలుగు పట్టీలు కోసేసరికి అంచు మళ్ళీ కొంచెం వాలుతుంది, అప్పుడు ఆగి, మడతకు సరిచూసి, సన్నటి ముక్క తీసేసి అంచును మళ్ళీ తిన్నగా చేసుకోవాలి. రూలర్ పట్టుకునే చెయ్యి వేళ్ళు విప్పి, నొక్కి ఉంచాలి. చిటికెనవేలు రూలర్ అవతలి అంచు పక్కన గుడ్డ మీద ఆనితే రూలర్ పక్కకు జారదు. అడుగున అంటించే గరుకు బిళ్ళలు విడిగా దొరుకుతాయి, ఈ నున్నటి రూలర్‌కు అవి అవసరం. ఇవన్నీ చేసినా, 24 అంగుళాల రూలరూ 18 అంగుళాలకు 24 అంగుళాల మ్యాటూ ఉంటే ఒక్క మడతతో పని జరుగుతుందన్నది నిజం. దుప్పటి పరిమాణం క్విల్టు చేయాలన్న ఉద్దేశం మొదటినుంచీ ఉన్నవారు ఈ సెట్టు వదిలేసి, ఆ కొలతల్లో మూడూ విడివిడిగా కొనుక్కోవడమే మేలు.

చిన్న పనులకు మాత్రం ఈ పొట్టి రూలర్ ఎంతో అనువైనది. ఆధునిక క్విల్టుల్లో అడుగడుగునా కనిపించే ఆకారం, రెండు త్రిభుజాలు కలిసిన చతురస్రం. త్రిభుజాలు విడిగా కోసి కుడితే ఐమూల అంచు సాగిపోతుంది. దానికి బదులు రెండు రంగుల్లో ఐదంగుళాల చతురస్రాలు కోసి, మంచివైపులు లోపలికి ఉండేలా ఒకదానిమీద ఒకటి పెట్టి, మూల నుంచి మూలకు ఐమూలగా గీత గీసి, గీతకు రెండు పక్కలా పావంగుళం దూరంలో కుట్టి, గీత మీద కోస్తే రెండు చతురస్రాలు వస్తాయి. అవి నాలుగున్నర అంగుళాల కంటే కాస్త పెద్దవిగా ఉంటాయి. రూలర్ మీది నలభై అయిదు డిగ్రీల గీతను కుట్టు మీద పెట్టి, నాలుగు పక్కలా సన్నగా తీసేస్తే సరిగ్గా నాలుగున్నర అంగుళాల బ్లాకు మిగులుతుంది. కొంచెం పెద్దగా కుట్టి తరువాత కొలతకు తెచ్చుకునే ఈ పద్ధతి సొంతంగా నేర్చుకునేవారికి గొప్ప ఊరట. అంచున సన్నటి గుడ్డ పోగులు రాలిపడి, మూడు కొలతలుగా ఉన్న బ్లాకులన్నీ ఒకే కొలతకు రావడం కళ్ళెదుట జరుగుతుంది, ఆ సంతృప్తి నాకు ఇప్పటికీ తగ్గలేదు.

నమూనా లేకుండా చేసే పనికీ ఇదే కట్టర్ ఉపయోగపడుతుంది, అక్కడ రూలర్ పక్కన పెట్టేయాలి. రెండు గుడ్డలను రెండూ మంచివైపు పైకి ఉండేలా కొంతమేర ఒకదానిమీద ఒకటి పరిచి, ఆ కలిసిన భాగం మీద కట్టర్‌తో మెల్లగా వంపు తీస్తే, రెండింటికీ ఒకే వంపు వస్తుంది. పై గుడ్డలో ఒక ముక్కను, కింది గుడ్డలో దాని ఎదుటి ముక్కను తీసుకుని కుడితే సాఫీగా కలుస్తాయి. వంపు లోతు తక్కువగా ఉన్నంతవరకు 45 మిల్లీమీటర్ల బ్లేడు చాలు. బిగుతైన వంపులకు 28 మిల్లీమీటర్ల బ్లేడు కావాలి.

పెట్టెలో ఉన్న చిన్న కాగితం గురించి నాకు నిజంగా అసంతృప్తి ఉంది. బ్లేడు ఎలా మార్చాలో బొమ్మ వేశారు, అది అవసరమే. కానీ గుడ్డ చివరను ముందు తిన్నగా చేసుకోవాలని గానీ, మడతకు లంబంగా కోయాలని గానీ ఒక్క ముక్క లేదు. మొదలుపెట్టేవారికోసం అని పెట్టె మీద రాసినప్పుడు, వారిని ఆపేసే మొదటి అడ్డంకి ఏదో తెలిసి రాయాలి. ఇంకో నాలుగు వాక్యాలకు ఆ కాగితం మీద చోటుంది.

పెట్టెలో లేని రెండూ కుట్టు మిషన్‌కు బిగించే ఫుట్‌లు, అంటే సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే భాగాలు. వాటిలో మొదటిది పావంగుళం ఫుట్. మిషన్‌తో వచ్చే మామూలు ఫుట్ అంచున గుడ్డ నడిపితే కుట్టు సాధారణంగా పావంగుళం కంటే లోపలికి పడుతుంది. పావంగుళం ఫుట్‌లో సూది నుంచి కుడి అంచు దాకా దూరం సరిగ్గా ఆ కొలతకే చేసి ఉంటుంది. ఎంత కచ్చితంగా కోసినా కుట్టు దారి తప్పితే కోత వృథా. ఫుట్ బిగించాక ఒక పరీక్ష చేసుకోవాలి. ఒకటిన్నర అంగుళాల వెడల్పున్న మూడు పట్టీలు కోసి, పక్కపక్కన కుట్టి, ఇస్త్రీపెట్టెను రుద్దకుండా ఎత్తి దించుతూ అదిమి, కొలవాలి. మొత్తం వెడల్పు మూడున్నర అంగుళాలు, నడిమి పట్టీ సరిగ్గా ఒక అంగుళం రావాలి. నడిమి పట్టీ సన్నగా ఉంటే కుట్టు లోపలికి పడుతోందని అర్థం. కుట్టు దగ్గర గుడ్డ మడత తిరిగేటప్పుడు, దారం మందానికి కూడా, కొంచెం వెడల్పు ఖర్చవుతుంది, అందుకే అసలు కుట్టు పావంగుళానికి ఒక్క పోగంత తక్కువలో పడాలి. సూదిని పక్కకు జరపగలిగే మిషన్ అయితే ఒక మెట్టు కుడివైపుకు జరిపి మళ్ళీ పరీక్షించాలి.

రెండోది వాకింగ్ ఫుట్. సూది కింద గుడ్డను జరిపే మిషన్ పళ్ళు కిందిపొరను మాత్రమే ముందుకు లాగుతాయి. మూడు పొరల మందం ఉన్నప్పుడు పైపొర వెనకబడి, కుట్టు చివర ముడతగా పోగవుతుంది. వాకింగ్ ఫుట్‌కు తనవే పళ్ళుంటాయి. దాని పక్కనున్న చిన్న చెయ్యి సూది మర మీద కూర్చుని, సూది లేచి దిగినప్పుడల్లా పైపొరను కూడా కింది పళ్ళతో సమానంగా జరుపుతుంది. చప్పుడు ఎక్కువ, వేగం తక్కువ, బిగించడం కొంచెం ఓపిక పని. అయినా ఆధునిక క్విల్టులకు ఎంతో నప్పే సమాంతర సరళరేఖల క్విల్టింగ్ ఇది లేకుండా శుభ్రంగా రాదు. అరచేతి వెడల్పు దూరంలో పిన్నీసులు పెట్టి పొరలను కలిపి, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్ల దాకా పెంచి, 90/14 సైజు సూదితో మధ్య గీత నుంచి అంచుల వైపుకు కుట్టుకుంటూ పోతే ముడత పడదు. ఫుట్ కొనేముందు మిషన్‌లో ఫుట్ బిగించే కాడ పొట్టిదో పొడుగుదో చూసుకోవాలి, రెండు రకాలకూ వేరువేరు ఫుట్‌లు ఉన్నాయి.

ఈ రెండు ఫుట్‌లనూ కటింగ్ సెట్టుతో పాటే కొనాల్సిన అవసరం లేదు. పావంగుళం ఫుట్ మొదటి బ్లాకుకే కావాలి, వాకింగ్ ఫుట్ పైపొర పూర్తయ్యాక కొన్నా చాలు. సెట్టు విషయంలో నా సిఫారసు ఇది: కుషన్ కవర్లు, సంచులు, చంటిపిల్లల చిన్న క్విల్టులతో మొదలుపెట్టి చేతికి పని అలవాటు చేసుకోవాలనుకునేవారు నిస్సందేహంగా తీసుకోవచ్చు. పని కుదిరాక మొదట మార్చాల్సింది రూలర్. ఆరున్నర అంగుళాలకు 24 అంగుళాలది తీసుకుంటే దానికి తగ్గట్టు మ్యాట్ కూడా పెద్దది కావాలి, పాత మ్యాట్‌ను మిషన్ పక్కనే పెట్టుకుని బ్లాకులు సరిచేసుకోవడానికి వాడవచ్చు. కట్టర్‌ను మార్చనక్కర్లేదు. దానికి బ్లేడ్లు విడి ప్యాకెట్లలో దొరుకుతాయి. 45 మిల్లీమీటర్లది అందరూ వాడే కొలత కావడంతో వేరే కంపెనీ బ్లేడు కూడా చాలావరకు దీనికి పడుతుంది, బిగించే ముందు నడిమి రంధ్రం ఆకారం ఒకసారి పోల్చి చూసుకుంటే చాలు. తీసేసిన బ్లేడును చెత్తబుట్టలో నేరుగా వేయకుండా మూత ఉన్న రేకు డబ్బాలో దాచాలి. వాటిలో కొంచెం పదును మిగిలినదాన్ని అట్టలు, కాగితాలు కోయడానికి పక్కన పెట్టుకోవచ్చు, గుడ్డ బ్లేడుతో మాత్రం కాగితం కోయకూడదు.